మూడో దారికి అడ్డుకొమ్మలు

"మీ ఆయనకి మేజోళ్ళు ఎన్ని జతలు?"

డిటెక్టివ్ అడిగిన ఆ ప్రశ్నకి టికెట్టు కిటికీ వెనక కూర్చున్నావిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. పదకొండు రోజులుగా పోలీసులు ఆమెను అడగని ప్రశ్న లేదు. ఆయన తాగుతారా, ఎవరితోనైనా పడదా, మీ ఇద్దరి మధ్యా మాటలు సరిగ్గా ఉన్నాయా అని తిప్పి తిప్పి అడిగారు. మేజోళ్ళ జోలికి మాత్రం ఒక్కరూ పోలేదు. అవి వాటంతటవే ఉతుక్కుని, ఆరి, జంటలు కలుపుకుని బీరువాలోకి నడిచి వెళ్తాయని మగవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది.

"ఆరు," అందావిడ.

"వేసుకెళ్ళినవి పోతే ఐదుండాలి. బీరువాలో మూడే ఉన్నాయి."

"నా బీరువా తీశారా మీరు?"

"మొహం కడుక్కోవడానికి లోపలికెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. బట్టలన్నీ అంచులు కలిపి మడతపెట్టి ఉన్నాయి. ఆ ఒక్క అర మాత్రం ఎవరో అడుగునుంచి లాగినట్టుంది. మనం పైనుంచి తీసుకుంటాం. అడుగునుంచి లాగేది మొగుళ్ళే."

ఆవిడ నవ్వలేదు. గోడమీద గడియారం పదీ పది చూపిస్తోంది. సాయంత్రం నాలుగూ పదికి రేవునుంచి లాంచీ బయల్దేరుతుంది. వెతుకులాటకొచ్చిన పోలీసులందరూ అందులోనే వెళ్ళిపోతారు. ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసేస్తాడు.

ఆ ఫైల్లో ఉన్నది ఇంతే. ఈ దీవిలో పక్షుల అభయారణ్యం ఉంది. అందులో జనం నడవడానికి ఐదు కాలిదారులు. వాటిని బాగుచేస్తూ, మూస్తూ, తెరుస్తూ పందొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషిని అందరూ దారి మేస్త్రీ అంటారు. భార్య టికెట్లు ఇస్తుంది. కాపురం టికెట్టు గది వెనకున్న రెండు గదుల్లో. పదకొండు రోజుల కిందట ఉదయం ఏడూ ఇరవైకి మేస్త్రీ చేతిరంపం, సంచి, వాకీటాకీ తీసుకుని నాలుగో దారిలోకి వెళ్ళాడు. పదీ ఐదుకి ఆ దారి చివర, అలలు కొట్టే బండల మీద ఆయన సంచీ, ఒక బూటూ కనిపించాయి. మనిషి, రంపం, వాకీటాకీ కనిపించలేదు. కాలు జారి సముద్రంలో పడ్డాడని పోలీసులు తేల్చారు.

"ఎప్పుడు పోయాయి ఆ రెండు జతలు?" అంది డిటెక్టివ్.

ఆవిడ కిటికీ తలుపు మూసింది. బయట ఎవరూ లేరు, దీవికి సందర్శకుల్ని ఆపేశారు. అయినా మూసింది.

"ఐదు రోజులైంది. పొద్దున్నే చూశాను. మేజోళ్ళు, ఆయన బీపీ మాత్రలు, అరలో దాచిన బిస్కట్ పొట్లాలు. నేను పక్కగదిలోనే పడుకుని ఉన్నాను. మధ్యలో ఒక్క గోడ."

"పోలీసులకి చెప్పలేదు."

"చెబితే ఏం రాసుకుంటారు? 'పెళ్ళాం మొహం చూడలేక పారిపోయాడు' అని. వాళ్ళొక్క ముక్కలో రాసేస్తారు. నేను చచ్చేదాకా చదువుకోవాలి." ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "పందొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా 'నా మేజోళ్ళేవీ' అని అరవకుండా వేసుకున్న మనిషి కాదండీ. చేతికింద ఉన్నా అరిచేవారు. విసుక్కునేదాన్ని. ఆ రోజు చీకట్లో తడుముకుని, చప్పుడు కాకుండా తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్క పిలుపు పిలవలేదు."

అరుపుకి విసుక్కున్న రోజులూ, ఆ అరుపుకోసం చెవులు రిక్కించిన రోజులూ డిటెక్టివ్‌కీ తెలుసు.

"నీళ్ళలో పోయారంటే ఏడుస్తాను," అందావిడ. "నన్ను వద్దనుకుని పోయారంటే అదీ ఏడుస్తాను. ఏదని ఏడవాలో తెలియాలి కదా. అందుకే మిమ్మల్ని పిలిచాను."

---

సంచి మొదట చూసినవాడు పిట్టల డాక్టరు. మనుషుల డాక్టరు కాదు, పక్షులమీద పరిశోధన చేసే పెద్దమనిషి. పన్నెండేళ్ళుగా గూళ్ళ కాలంలో వచ్చి గుడ్లు లెక్కపెట్టి వెళ్తాడు. పదీ నలభైకి రేవు వైపు వెళ్తూ ఉంటే డిటెక్టివ్ ఆయన్ని టికెట్టు గది వరండాలోనే ఆపింది.

"రెండే నిమిషాలు మేడం. లాంచీ నన్ను మూడో దారి సముద్రం కొసన దింపి రావాలి."

"మూడో దారి మూసేసి ఉందిగా?"

"జనానికి మూశారు. నాకు అనుమతి ఉంది. ఆ ఒక్క దారికే."

"ఆ రోజు కూడా అక్కడే దిగారా?"

"ఆరున్నరకి. వాకీటాకీలో చెప్పాను, ఈవిడ రాసుకునే ఉంటుంది."

"పదింటికి నాలుగో దారి బండల మీదకి ఎలా వచ్చారు?"

"మూడుకీ నాలుగుకీ మధ్య చిన్న పాయ ఉంది మేడం. అడుగులు వెయ్యడానికి రాళ్ళు పరిచి ఉంటాయి. వాటి మీదనుంచి దాటి వచ్చాను. వస్తూనే సంచి కనిపించింది."

"ప్యాంటు తడిసిపోయుంటుంది పాపం."

"లేదే. రాళ్ళు పొడిగానే ఉన్నాయి. మీరు కొత్త, అందుకే భయపడుతున్నారు. పిల్లలు కూడా దాటేస్తారు."

"అయితే నా మోకాళ్ళు కూడా దాటొచ్చన్నమాట," అంది డిటెక్టివ్ మర్యాదగా.

డాక్టరు నవ్వి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆయన వీపు ఆనించి నిలబడ్డ కిటికీ అద్దానికి ఆ నెల సముద్రపు ఆటుపోటుల పట్టిక అతికించి ఉంది. డిటెక్టివ్ కళ్ళజోడు పైకి తోసి మేస్త్రీ పోయిన తారీకు మీద వేలుపెట్టింది. పూర్తి పోటు: ఉదయం 9.40.

"ఆ పాయలో రాళ్ళు ఎప్పుడు మునుగుతాయి?" అని అడిగింది లోపలికి.

"పోటుకి రెండు గంటల ముందు మునుగుతాయి. రెండు గంటలు దాటాకే తేలతాయి," అంది మేస్త్రీ భార్య, చూడకుండానే. "పదింటికి మనిషి లోతుంటుంది. ఆయన పొడిగా ఎలా వస్తారు?"

"రాలేదు. ఏడూ నలభైకి ముందే ఇవతలికి వచ్చేసి ఉన్నాడు. మీ ఆయన నాలుగో దారిలోకి వెళ్ళింది ఏడూ ఇరవైకి." డిటెక్టివ్ కళ్ళజోడు దించుకుంది. "డాక్టరుకి మీ ఆయనతో ఏమైనా పేచీ ఉందా?"

"పేచీ అంటే... గూళ్ళ లెక్క దగ్గర. కిందటేడు మా ఆయన లెక్కకి నలభై ఒక్క గూళ్ళు. డాక్టరు ఇరవై తొమ్మిదే రాశాడు. 'గుడ్లు ఎవరో పట్టుకుపోతున్నారే, ఈసారి కాపు కాస్తాను' అన్నారు. నేను అన్నం చల్లారిపోతోంది, తినండి అన్నాను." ఆవిడ కొంచెం ఆగి, "అంతకంటే ఏమీ అడగలేదు," అంది.

"పోలీసులు ఏ ఏ దారుల్లో వెతికారు?"

"ఒకటి, రెండు, నాలుగు, ఐదు. కుక్కల్ని కూడా తిప్పారు."

"పదండి," అంది డిటెక్టివ్. "మిగిలింది చూద్దాం."

---

మూడో దారి మొదలుకి పాతిక నిమిషాల నడక అన్నారు. డిటెక్టివ్‌కి నలభై పట్టింది. కాలికున్న కాన్వాసు బూట్లు కొత్తవి కావు, ఏడేళ్ళ కిందట కొన్నవి. అయినా ఇవాళే మొదటిసారి వేసుకుంది. ఈ దీవి పటం ఆమె భర్త తమ బీరువా తలుపు లోపల అంటించాడు. ఐదు దారులకీ ఐదు రంగులు. 'వచ్చే చలికాలం' అని ప్రతి చలికాలం అనేవాడు. ఒక ఏడు ఆఫీసులో సెలవు దొరకలేదు, ఒక ఏడు ఆమెకి కేసు తగిలింది, ఒక ఏడు ఊరికే బద్ధకం. తర్వాత ఆయనే లేడు. ఇప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆమెకి ముందే తెలుస్తోంది, ఇక్కడ ఎడమకి తిరుగుతుంది, ఇక్కడ మెట్లొస్తాయి అని. దారంతా కంఠతా వచ్చు. పక్కన వాగేవాడు లేడు, అంతే. బూట్లు మడమల్ని కొరుకుతున్నాయి, బహుశా ఏడేళ్ళ కోపం.

రెండు పసుపు గుంజల మధ్య దారిని కొమ్మలు పేర్చి మూసేశారు. నడుమెత్తు గుట్ట. 'గూళ్ళ కాలం. ప్రవేశం లేదు' అని చెక్క వేలాడుతోంది.

మేస్త్రీ భార్య పది అడుగుల దూరంలోనే నిలబడిపోయింది.

"ఏమైంది?"

"ఇది మేము మూసినట్టు లేదు."

"మూసేటప్పుడు మీరున్నారా?"

"ఏటా ఇద్దరం కలిసే మూస్తాం. ఇరవై ఆరు రోజుల కిందట మూశాం. ఆయన కొమ్మలు కోస్తారు, నేను అందిస్తాను." ఆవిడ దగ్గరికి వెళ్ళి చేతులతో చూపించింది. "కొమ్మ మొదలు పట్టుకుని అవతలికి గుచ్చుతూ పోవాలి. మొదళ్ళన్నీ అవతల, ఆకులూ రెమ్మలూ మన వైపు. వచ్చేవాళ్ళకి పొద అడ్డొచ్చినట్టుంటుంది, తిరిగిపోతారు. కోసిన మొదళ్ళు కనిపిస్తే ఎవరో పెట్టారని తెలిసి తోసుకుని పోతారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన మొదట నేర్పేది ఇదే."

డిటెక్టివ్ చూసింది. గుట్టలోంచి తెల్లటి కోత మొదళ్ళు డజనుకి పైగా తమ వైపే చూస్తున్నాయి. రెమ్మలన్నీ అవతలికి తిరిగి ఉన్నాయి.

"వదినా."

ఆ గొంతు ఎవరిదో వెనక్కి తిరగకుండానే తెలుసు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ఆమె మరిది, భర్తకి సొంత తమ్ముడు. ప్రైవేటు డిటెక్టివ్ అంటే అతనికి మండుతుంది. ఆ డిటెక్టివ్ తన వదిన అయితే ఆ మంటని పదిమంది ముందు వెళ్ళగక్కలేడు, అది ఇంకో మంట. పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"ఇది నిషేధం. లోపలికి పోకూడదు."

"పోలేదు కదయ్యా. గుమ్మం దగ్గరే నిలబడ్డాం."

"మీరు గుమ్మం దగ్గర ఆగే మనిషి కాదు. అన్నయ్య అనేవాడు."

"మీ అన్నయ్య చాలా అనేవాడు. మూడో దారిలో ఎందుకు వెతకలేదు నువ్వు?"

"మూసిన దారి మూసినట్టే ఉంది. పైగా గూళ్ళు చెదిరిపోతాయి."

"ఆ మాట ఎవరన్నారు?"

ఇన్‌స్పెక్టర్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "డాక్టరుగారు. పన్నెండేళ్ళ అనుభవం ఆయనది."

"ఆ పన్నెండేళ్ళ అనుభవం పూర్తి పోటులో, పదింటికి, పాయలోంచి ప్యాంటు తడవకుండా నడిచొచ్చిందట. పట్టిక టికెట్టు కిటికీకే అతికించి ఉంది. నువ్వు పదకొండు రోజులుగా దాని పక్కనే టీ తాగుతున్నావు."

"టైము పొరబడి ఉంటాడు."

"పదీ ఐదుకి వాకీటాకీలో చెప్పింది ఈవిడ రాసుకుంది. టైము సరిగ్గానే ఉంది. ఎటునుంచి వచ్చాడన్నదే అబద్ధం. అనుమతి మూడో దారికే కాబట్టి అక్కణ్ణించే వచ్చానని చెప్పక తప్పలేదు. నువ్వెలాగూ సముద్రం సంగతి పట్టించుకోవని ధీమా."

"వదినా, ఫైల్లో రాయడానికి నాకు శవమో మనిషో కావాలి. పోటులూ మేజోళ్ళూ కాదు."

"మేజోళ్ళ సంగతి నీకెవరు చెప్పారు?"

"కిటికీ మూశారు కానీ తలుపు తీసే ఉంచారు. మా కానిస్టేబుల్ విన్నాడు." అతను మేస్త్రీ భార్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు కానీ మాట తగ్గించలేదు. "అమ్మా, ఐదు రోజుల కిందట బతికే ఉండి, ఇంట్లోకి వచ్చి, మిమ్మల్ని లేపకుండా పోయాడంటే దానికి ఒక్కటే అర్థం. మీకు చెప్పడం నాకూ ఇష్టం లేదు. అటువంటి మనిషికోసం..."

ఆవిడ అతని మాట వినడం లేదు. గుట్ట ముందు మోకాళ్ళమీద కూర్చుని ఒక కొమ్మ మొదలుని బొటనవేలితో రాస్తోంది.

"చూడండి," అంది. "కింద బెరడు చీలలేదు. ముందు కిందనుంచి కొంచెం కోసి, తర్వాత పైనుంచి కోస్తే ఇలా వస్తుంది. మామూలు వాళ్ళు పైనుంచే కోస్తారు, కొమ్మ బరువుకి బెరడు తోలులా ఊడొస్తుంది. ఇది ఆయన కోత."

"ఇరవై ఆరు రోజుల కిందట కోసి ఉంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అప్పటివి ఇవి." ఆవిడ అడుగున ఉన్న గోధుమరంగు పుల్లని పట్టుకుంది. ఆకులన్నీ పొడిలా రాలిపోయాయి. "ఇవి అప్పటివి కావు." పైకొమ్మ ఆకు వడిలి వేలాడుతోంది కానీ పచ్చగానే ఉంది. "నాలుగు రోజులు. మహా అయితే ఐదు."

కొండ అవతలనుంచి పక్షుల గోల వినిపిస్తోంది, బళ్ళో చివరి గంట కొట్టినట్టు.

"మొదళ్ళు మన వైపెందుకున్నాయి?" డిటెక్టివ్ మెల్లిగా అడిగింది. అడిగింది తనకి తెలియక కాదు. అది చెప్పే హక్కు తనది కాదని.

"మూసేవాళ్ళు తమ దగ్గర్నుంచి అవతలికి గుచ్చుతారు," అందావిడ. "రెమ్మలు ఎటుంటే మూసినవాళ్ళు అటున్నట్టు." ఆమె లేచి నిలబడింది. "ఆయన లోపల నిలబడి మూసుకున్నారు. పాత కొమ్మలు తీసి లోపలికి వెళ్ళారు, ఎండిపోయి విరిగిపోయుంటాయి. కొత్తవి కోసి పెట్టారు. బయటినుంచి చూసేవాళ్ళకి తెలియకూడదంటే తిప్పి పెట్టాలి. మర్చిపోయారు. పందొమ్మిదేళ్ళుగా చేతికి అలవాటైన పని కదండీ, చెయ్యి దాని పని అది చేసేసింది."

"పెట్టిన మనిషి మళ్ళీ బయటికి వచ్చి ఉంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అయితే ఆ గొంతులో ఇందాకటి పోలీసు లేడు.

"వస్తే ఈ గుట్ట ఇలా ఉండదు."

"లోపలే ఉన్నాడు," అంది డిటెక్టివ్. "నీ కుక్కల అరుపులూ మైకు పిలుపులూ అన్నీ విన్నాడు. అయినా రాలేదు. ఎందుకంటే నీ మనుషుల్ని రోజూ ముందుండి నడిపించింది ఎవరు? గుడ్లు ఎత్తుకుపోతూ ఆయన కంటపడి, బండల మీద ఆయన ప్రాణం తియ్యబోయిన ఆ డాక్టరే. భయపడింది పెళ్ళానికి కాదయ్యా. ఆమెని లేపితే ఆమెకి తెలుస్తుంది. తెలిసిన మనిషి పొద్దున్నే ఆ డాక్టరుకి టికెట్టు కిటికీలోంచి ఏమీ తెలియనట్టు మొహం చూపించాలి."

మేస్త్రీ భార్య గుంజని పట్టుకుంది. పదకొండు రోజులుగా బిగపట్టుకున్న మొహం ఒక్కసారి వదులైంది. నవ్వూ కాదు, ఏడుపూ కాదు. "ఇక్కడే ఉన్నారా," అంది గుంజతో. "పాతిక నిమిషాల దూరంలో."

ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నీళ్ళ కేసుల్లో అతను ఇంటికి తెచ్చి అప్పగించినవన్నీ బట్ట కప్పినవే. బతికున్నవాడు దొరకడం ఇదే మొదటిసారి. ఆ ఆనందం అతని తలకెక్కింది. ఇంకో క్షణం ఆలోచించే మనిషైతే డిటెక్టివ్ అయ్యేవాడేమో. అతను ఇన్‌స్పెక్టర్. నడుముకున్న వాకీటాకీ తీసి మీట నొక్కాడు.

"అందరూ వినండి. దారి మేస్త్రీ బతికే ఉన్నాడు. మూడో దారిలో..."

డిటెక్టివ్ అతని మణికట్టు మీద కొట్టింది. వాకీటాకీ గడ్డిలో పడింది. ఆలస్యమైపోయింది.

"ఏం చేశావయ్యా," అంది. "అది ఎవరెవరి దగ్గర ఉంది?"

జవాబు గడ్డిలోంచి వచ్చింది. మర్యాదస్థుడి గొంతు, తొందరేమీ లేని గొంతు.

"చాలా సంతోషం ఇన్‌స్పెక్టర్‌గారూ. నేను మూడో దారి కొసనే ఉన్నాను. మీరు శ్రమపడకండి. ముందు నేను చేరుకుంటాను."

టైము పదకొండూ యాభై. పోలీసులందరూ రేవు దగ్గర ఉన్నారు, సామాన్లు సర్దుకుంటున్నారు. కేకేస్తే వినిపించదు. వాకీటాకీలో పిలిస్తే డాక్టరుకీ వినిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ వంగి దాన్ని తీశాడు, ఏ మీట నొక్కాలో మర్చిపోయినవాడిలా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇటునుంచి కొసకి ఎంత దూరం?" డిటెక్టివ్ అడిగింది.

"గంట. పరిగెత్తితే ముప్పావు," అంది మేస్త్రీ భార్య. అంటూనే ఆమె కొమ్మలు లాగెయ్యడం మొదలుపెట్టింది. ముళ్ళు గీరుకుపోయి మోచేతులు ఎర్రబడుతున్నా చూసుకోవడం లేదు.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ చేతిలో వాకీటాకీ గరగరలాడింది. ఈసారి గొంతు వేరు. ఎన్నో రోజులుగా ఎవరితోనూ మాట్లాడని గొంతు, తుప్పుపట్టిన గొంతు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ. మా ఆవిడ అక్కడుంటే లోపలికి రానివ్వకండి. వాడు ఒక్కడే కాదు. ఇక్కడ ఇంకో పడవ ఉంది. నలుగురున్నారు."

ఆవిడ చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది. పదకొండు రోజుల తర్వాత ఆయన నోట విన్న మొదటి మాట. తన గురించే. తనని రావద్దనే.

"ఇంకోసారి అనమనండి," అంది చిన్నగా. ఇన్‌స్పెక్టర్ మీట నొక్కి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. అవతల గరగర తప్ప ఏమీ రాలేదు.

"అమ్మా, ఆగండి. ఆయనే చెబుతున్నాడు కదా వద్దని. నేను రేవునుంచి మనుషుల్ని..."

"ఆయన నా మాట ఎప్పుడు విన్నారని," అంది మేస్త్రీ భార్య. చీర కుచ్చిళ్ళు పైకెత్తి నడుములో దోపుకుంది. ఖాళీ అయిన జాగాలోంచి అవతలికి దాటింది.

ఆ గుట్ట అవతల దారి ముప్ఫై అడుగుల దాకానే కనిపిస్తుంది, తర్వాత మలుపు. డిటెక్టివ్ ఒక కాలు లోపల పెట్టేసరికి ఆమె ఆ మలుపు కూడా తిరిగిపోయింది.